తొడపీట

తిరుపతి
6 జులై 2025

చెంగయ్య మామకు,

ఫోన్ చేయొచ్చు కదా అనుకుంటావు. చేస్తే నేను అరవాలి. నేను అరిస్తే మా బైరాగిపట్టెడ మొత్తానికి వినిపిస్తుంది, నీకు తప్ప. ముప్పై ఏళ్ళు మరమగ్గాల మధ్య నిలబడి చెవులు వాటికే ఇచ్చేశావని అమ్మ అంటూ ఉండేది. అందుకే కాగితం తీసుకున్నాను. జవాబు పత్రం వెనకవైపు కాదు, కొత్త కాగితమే.

విషయం చెప్పేముందు నవ్వనని మాట ఇవ్వు. నలభై నాలుగేళ్ళు వచ్చి, డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పుకునే నేను, ఏడాదిన్నరగా గిటార్ నేర్చుకుంటున్నాను. సినిమాల్లో నిలబడి ఊగుతూ వాయిస్తారే, అది కాదు. ఇది కుర్చీలో కూర్చుని, వేళ్ళతో, నోరు మూసుకుని వాయించేది. క్లాసికల్ గిటార్ అంటారు. నేర్పే అమ్మాయి పేరు గ్రేసీ. ఇరవై ఆరేళ్ళు. 'మేడం' అని పిలుస్తూనే తిడుతుంది. ఆ విద్య నేను నా స్టూడెంట్ల మీద ఇన్నేళ్ళుగా సాధించలేకపోయాను.

ఈ వాయిద్యానికి కూర్చునే పద్ధతి ఒకటుంది. ఎడమపాదం కింద చిన్న పీట పెట్టాలి, జానెడు ఎత్తుది. అప్పుడు ఎడమతొడ లేస్తుంది. గిటార్ దాని మీద కూర్చుంటుంది. గిటార్ మెడ పైకి లేచి చేతికి అందుతుంది. చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది, గ్రేసీ కూర్చుంటే. నేను కూర్చుంటే పది నిమిషాలకే వెన్ను కింద, ఎడమవైపు, ఎవరో మేకు దిగ్గొట్టినట్టుంటుంది.

కొనగలిగినవన్నీ కొన్నాను. ఇనుప మడతపీట ఒకటి. అది పాట మధ్యలో తనంతట తాను మడుచుకుంటుంది. తర్వాత గిటార్ పక్కకు రబ్బరు గిన్నెలతో అంటుకునే ఆధారం. స్నానాలగదిలో టైల్స్‌కు కొక్కేలు అంటిస్తామే, అట్లాంటి గిన్నెలు. అది తెప్పించింది మా ఆయన చక్రధర్. పలమనేరు బ్యాంకులో ఉంటూ శనివారాలు మాత్రం వచ్చే మనిషి, కాబట్టి ప్రేమంతా పార్సిళ్ళలో పంపిస్తాడు. ఆ గిన్నెలు నెమ్మదిగా వాయించాల్సిన చోటే టప్పుమని ఊడతాయి. మొన్న గ్రేసీ ఇంట్లో ఊడితే వాళ్ళమ్మ వంటింట్లోంచి "బల్లి పడిందా?" అని అడిగింది. ఆ తర్వాత ఒక దిండు కొన్నాను. అది ఒళ్ళో నిలవదు, కుక్కపిల్లలా జారిపోతుంది.

నవంబర్ 15న మద్రాసులో నా పరీక్ష. మూడు పాటలు వాయించాలి. పరీక్షకు వెళ్ళేవాళ్ళ పేర్లు సెప్టెంబర్‌లో పంపాలి. గ్రేసీ ఒక్కటే మాట చెప్పింది: "అరగంట నొప్పి లేకుండా కూర్చోలేకపోతే మీ పేరు పంపను మేడం. ముందు నడుము, తర్వాతే పాట."

ఇదేం పెద్ద సంగతి అనుకోకు. నేను పట్టుకుని వదిలేసినవన్నీ నీకు తెలుసు. వేళ్ళు మండుతున్నాయని వీణ వదిలేశాను. గైడు బదిలీ అయ్యాడని పీహెచ్‌డీ వదిలేశాను. తిరుచానూరు రోడ్డు బాగాలేదని స్కూటర్ వదిలేశాను. తర్వాత ఆ రోడ్డు వేశారు, నేను మళ్ళీ స్కూటర్ తీయలేదు. ప్రతిసారీ నాకొక మంచి కారణం దొరికింది, ఎవరూ తప్పుపట్టలేనిది. ఇప్పుడు నడుము దొరికింది. దీన్ని కూడా వదిలేస్తే, ఏదీ చివరిదాకా చేయలేని మనిషినని నా గురించి నాకున్న అనుమానం ఖాయమైపోతుంది. అందుకే ఈసారి కారణాన్ని ముందే బాగుచేయించాలని చూస్తున్నాను.

మగ్గానికి నువ్వు చేయని కొయ్యభాగం లేదు. నాకొక పీట చేసిపెడతావా? కదలనిది, మడుచుకోనిది.

కాలు, నడుము సంగతి అత్తకు చెప్పకు. ఊరికే కంగారుపడుతుంది.

నీ మేనకోడలు
ధరణి

నగరి
14 జులై 2025

ధరణమ్మా,

ఈడ నా చెవులు తప్ప అన్నీ బాగుండాయి. నీ ఉత్తరం నాకంటే ముందు మీ అత్త చదివేసింది. అత్తకు చెప్పొద్దని నువ్వు రాసింది గూడా చదివింది. ఇంగ నేను చెప్పేదానికేమీ మిగల్లేదు.

ఎడమకాలికింద పీట అని చదివినప్పటినుంచి నీ ఎడమకాలు పొట్టి అయిపోయిందని ఒకటే ఏడుపు. "పుట్టినప్పుడు రెండూ సమానంగానే ఉండె గదా, నేనే నీళ్ళు పోసినా" అంటాది. కాదే, అది గిటారు వాయించేదానికంట అని కాగితం మీద రాసి సూపించినా. "కాలు సరిగ్గా ఉండేదానికి పీటెందుకు?" అనింది. నీ కాలు బాగైతే నువ్వు అలిపిరికాణ్ణించి నడిచి కొండెక్కతావని మొక్కుకోనుండాది. మొక్కేదేదో నువ్వు ఎక్కతానని మొక్కరాదా అంటి. "నా మోకాళ్ళు యాడ సరిగ్గుండాయి?" అనింది.

పీట చేస్తా. కొలత పంపు. సెంటీమీటర్లు వొద్దు. గుంతమగ్గం తవ్వేటప్పుడు మేము ఎట్ల కొలిచేదో నువ్వు సిన్నప్పుడు సూసుంటావు. గట్టు మీద కూసోని కాళ్ళు గుంతలోకి దించితే, అడుగున ఉండే తొక్కుడుకర్రలు పాదాలకు అందల్ల. అందుకని ఎవురు నేస్తారో వాళ్ళ కాలిని నూలుపోగుతో కొలిచి, ఆ పోగు పట్టుకోని తవ్వేది. మీ అమ్మకు తవ్విన గుంతలో నేను ఒకదినం కూసోని నేసినా. రెండు దినాలు మంచం మీదనుంచి లేవలే. ఒకరి గుంత ఇంకొకరికి పనికిరాదు.

మడమకాణ్ణించి మోకాలిదాకా పోగు పెట్టి తెంపి, రెండు కొసలా ముడేసి, కవర్లో పెట్టి పంపు.

నవ్వనని మాట ఇమ్మన్నావు గదా. నేను ఇస్తా ఉండా. మీ అత్త ఇయ్యనంది.

చెంగయ్య

తిరుపతి
20 జులై 2025

మామా,

పోగు ఇందులోనే ఉంది. ఇంట్లో నూలు లేదు, పూలు కట్టుకునే దారం తెంపాను. మల్లెల వాసన వస్తే అందుకే.

నా కాళ్ళు రెండూ సమానమేనని అత్తకు గట్టిగా చెప్పు. టేపు పెట్టి కొలుచుకున్నాను. నీ ఉత్తరం చదివాక నాకూ అనుమానం వచ్చి కొలుచుకున్నానని మాత్రం చెప్పకు.

ధరణి

తిరుపతి
8 ఆగస్టు 2025

మామా,

బస్సులో పంపిన పీట అందింది. టేకు. అంచులన్నీ గుండ్రంగా, అరచేతితో రాస్తే వెన్నలా ఉంది. ఇంత చక్కటి వస్తువు మా ఇంట్లో ఇంకొకటి లేదు. ఈ మాట ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే తర్వాత రాయబోయేది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

పీట ఎత్తు నా మోకాలంత ఉంది. నేను పంపిన పోగు పొడవు ఎంతో, సరిగ్గా అంతే.

ముందు తప్పు నాదేమో అనుకున్నాను. జానెడు అని మొదటి ఉత్తరంలో రాశానా లేదా అని ఒకటే ఆలోచన. రాసిన ఉత్తరం నీ దగ్గరుంది. నాకేమో నా జ్ఞాపకం మీద నమ్మకం లేదు. సరే, పెద్దవాళ్ళు చేసినదానిలో ఏదో అర్థం ఉంటుందని దాని మీద ఎడమకాలు పెట్టి కూర్చున్నాను. మోకాలు గడ్డానికి తగిలింది. గిటార్ నా చెవి పక్కన నిలబడింది. గ్రేసీ నా చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. చివరికి "మేడం, దీని మీద మీరు కూర్చోండి. కాలికి వేరేది చూద్దాం" అంది.

ప్రస్తుతం దాని మీద మిక్సీ ఉంది. కోప్పడకు. మిక్సీ కదలడం లేదు, నడుము నొప్పి కూడా లేదు దానికి.

నా నొప్పి మాత్రం ఉంది. సెప్టెంబర్‌కు ఇంకెంతో లేదు. ఇక్కడితో చాలు మామా, నీకు శ్రమ అని రాయాలనిపిస్తోంది. రాయడం లేదు.

ధరణి

నగరి
17 ఆగస్టు 2025

ధరణమ్మా,

నువ్వు జానెడు అనే రాసినావు. ఉత్తరం ఈడనే ఉండాది. తప్పు నాది. గుంత లోతుకు కొలత అడిగినా, ఆ కొలతతో పీట చేసినా. ఇరవై ఏండ్లు ఆ పోగు పట్టుకుంటే చెయ్యి అట్లనే పోతాది. మీ అత్త వారందినాలుగా వచ్చినోళ్ళకంతా చెప్పి నవ్వతా ఉండాది. నవ్వనని ఆమె మాట ఇయ్యలేదు గదా.

అయితే ఒకటి ఆలోచన చేసినా. ఒక కాలు పైన ఒక కాలు కింద పెట్టుకోని కూసున్నోడు ఒక పూట నేయలేడు. నడుము ఒకపక్కకు ఒరుగుతాది. గుంతలో రెండుకాళ్ళూ ఒకే లోతుకు దిగతాయి, అందుకే వీపు నిలబడతాది. ఈ పీట ఎవురు కనిపెట్టినారో గానీ వాళ్ళు మగ్గం మీద కూసున్నోళ్ళు కాదు. నువ్వు కాలు ఎత్తొద్దు. రెండు పాదాలూ నేలమీద పెట్టు. ఎత్తాల్సింది గిటారును. దానికీ నీ తొడకీ నడాన ఒక కొయ్య పెడితే సరిపోతాది.

గిటారు పక్కవొంపును పేపరు మీద పెట్టి పెన్సిలుతో గీసి పంపు. తొడమీద వొంపు గూడా కావల్ల. అది నేను అడగరాదు, మీ అత్త అడగతా ఉండాది అనుకో. ఒక తీగ తొడమీద వొంచి, అట్లనే పేపరు మీద పెట్టి గీయి. కొలతలు ముడులేసిన పోగుతో పంపొద్దు. నాకు ఆ పోగు సూస్తే బుద్ధి గుంతలోకి పోతాది.

చాలు అని రాయబోయి రాయలేదన్నావు. మంచిపని చేసినావు.

చెంగయ్య

తిరుపతి
16 సెప్టెంబర్ 2025

మామా,

తొడపీట వచ్చింది. పేరు నేనే పెట్టాను, ఎందుకంటే ఇట్లాంటిది ఇంకెక్కడా లేదు. పైన వంపు గిటార్‌కు, కింద వంపు నాకు. పసుపుపచ్చటి పనసకొయ్య. జారకుండా కింద నాలుగు మడతల లుంగీ గుడ్డ. ఆ నీలం గళ్ళు నేను గుర్తుపట్టాను.

ఏడాదిన్నరలో మొదటిసారి నా రెండు పాదాలూ నేలను తాకాయి. గ్రేసీ గోడగడియారం చూస్తూ అరగంట కూర్చోబెట్టింది. మేకు లేదు. నమ్మకం లేక ఇంకో పది నిమిషాలు నేనే కూర్చున్నాను. అయినా లేదు. గ్రేసీ దాన్ని తన తొడ మీద పెట్టుకుని చూసి, "మీ మామయ్య ఇంకోటి చేస్తారా మేడం?" అంది. అక్కడికక్కడే ఫోన్ తీసి నా పేరు పరీక్షకు పంపేసింది. అంత తొందరగా పంపుతుందని నేను అనుకోలేదు.

అత్త మొక్కు కూడా తీరింది. మొన్న ఆదివారం అలిపిరి నుంచి ఎక్కాను. మూడున్నర వేల మెట్లు. గాలిగోపురం దగ్గర మజ్జిగ తాగుతుంటే ఒక పెద్దావిడ "ఏం మొక్కు తల్లీ?" అని అడిగింది. లేని కుంటితనం పోయినందుకని చెప్పలేక, "మా అత్త మొక్కు" అన్నాను. "ఈ కాలంలో అత్తకోసం మెట్లెక్కే కోడలు ఎవరుంటారు" అని నా తల నిమిరింది. ఈ మధ్య నాకు దక్కిన మెప్పు అదొక్కటే, అదీ పొరపాటున.

ఒక్క మాట. నిన్నటినుంచి నడుము మళ్ళీ పట్టేస్తోంది. ఈసారి కుడివైపు. పరీక్షలోని రెండో పాట మొదలుపెట్టాం. అది కష్టమైన పాట, స్వరాల కాగితంలో మూడో వరుస దగ్గర వేళ్ళు చాలా దూరం సాగదీయాలి. దానికీ నడుముకూ సంబంధం లేదులే. కొయ్య కుడివైపు ఒక నూలు, అంగుళంలో ఎనిమిదో వంతే అనుకో, ఎత్తు ఎక్కువుందేమో ఒకసారి చూస్తావా? పార్సిల్ చేస్తున్నాను.

ధరణి

నగరి
27 సెప్టెంబర్ 2025

ధరణమ్మా,

కొయ్య సూసినా. నా కండ్లకు సమానంగానే ఉండాది. అయినా కూసునేది నువ్వు, నొప్పి నీది. కుడిపక్క ఒక నూలు తీసినా. గుడ్డ కొత్తది వేసినా. నగరి బట్ట, చిరగదు.

కొండెక్కినావని విని మీ అత్త వీధిలో అందురికీ పులిహోర పంచింది. నీ కాలు బాగైపోయిందంట. ఇంగ నేను ఎదురు చెప్పలే.

ఎట్లుండాదో రాయి.

చెంగయ్య

తిరుపతి
9 అక్టోబర్ 2025

మామా,

ఎట్లుందో రాయాలంటే కష్టంగా ఉంది. నువ్వు అంత శ్రద్ధగా చేసి పంపాక బాగుందని రాయాలి. రెండు రోజులు బాగుంది. తర్వాత నొప్పి ఎడమవైపుకు వచ్చింది, కాస్త పైకి. రెండో పాట దగ్గరే ఎక్కువగా వస్తోంది. బహుశా ఆ పాటకు వేరే ఎత్తు కావాలేమో. లేదా పనస గట్టికొయ్య కాబట్టి ఒత్తుకుంటోందేమో.

కాలేజీలో అందరూ జాలిపడుతున్నారు. ఫిజిక్సు ధర్మేంద్ర సార్ తన మెత్తటి కుర్చీ నాకిచ్చి, తాను స్టూలు మీద కూర్చుంటున్నారు. ఆరోగ్యం కన్నా పరీక్ష ముఖ్యమా మేడం అని అందరూ అంటున్నారు. అనేదాకా నేనే అందరినీ అడిగాననుకో.

పేరు వెనక్కి తీసుకోవచ్చా అని గ్రేసీని అడగాలి. నొప్పి ఉన్నప్పుడు మొండికేయడం కూడా ఒక తెలివితక్కువతనమే కదా. నీకేమనిపిస్తుంది?

ధరణి

నగరి
18 అక్టోబర్ 2025

ధరణీ,

మీ అత్త చంద్రకాంతమ్మ రాసేది. ఆయన ఇంట్లో లేడు. చిత్తూరులో యాడో మెత్తకొయ్య దొరకతాదని తొలిబస్సుకు పోయినాడు. ఈ సంగతి నీకు చెప్పగూడదని శానా అనుకున్నా. అనుకున్నది చేసే గుణం నాకు లేదు.

పోయిన మంగళవారం నీకోసరమని ఇంకో కొయ్య చెక్కతా ఉంటే ఉలి జారి బొటనవేలు కోసుకున్నాడు. నాలుగు కుట్లు పడినాయి. అదేం పెద్దది కాదులే, మానతాది. ఇంకోటి ఉండాది. మగ్గాలు అమ్మేసినంక రెండేండ్లు ఆ మనిషి కుర్చీలో కూసోని గోడ సూస్తా ఉండె. నీ ఉత్తరం వచ్చినంకనే లేచి ఉలి పట్టుకున్నాడు. నాకు అది సంతోషం. గానీ నీ నొప్పి పోలేదని రాసినప్పటినుంచి అన్నం ముందర కూసోని, "చెవులు పోయినట్ల నా చేతి కొలత గూడా పోయింది" అంటాడు. తినమంటే లేచి పోతాడు.

నేను మళ్ళా ఏమైనా మొక్కుకోవల్లనా? ఏ కాలో సరిగ్గా రాయి.

వచ్చే శనివారం ఆయన మీ ఇంటికి వస్తాడు, నువ్వు ఎట్ల కూసుంటావో సూసేదానికి. నేను చెప్పినానని చెప్పొద్దు.

అత్త

నగరి
29 అక్టోబర్ 2025

ధరణమ్మా,

శనివారం నీకాడ ఏమీ మాట్లాడకుండా వచ్చేసినా. నేను మాట్లాడితే గట్టిగా అరస్తానంట, మీ అత్త చెప్పతాది. పక్కింటోళ్ళకు వినపడే మాట కాదిది. అందుకే రాస్తా ఉండా.

మిక్సీ దించి, ఆ పొడుగుపీట మీద నన్ను కూసోబెట్టినావు. నాకు పాట వినపడదు గాబట్టి నిన్ను సూస్తా కూసున్నా. వీపు నిలబడే ఉండాది. భుజాలు సమానం. పాదాలు రెండూ నేలమీద. నాకంటే బాగా కూసున్నావు. అరగంటలో నాలుగుతూర్లు నడుము పట్టుకున్నావు. నాలుగుతూర్లూ ముందు వేళ్ళు ఆగినాయి, ఆ తర్వాతనే చెయ్యి నడుము మీదికి పోయింది. నొప్పి వచ్చినోళ్ళకు చెయ్యి ముందు పోతాది.

ఇది నేను మగ్గంకాడ ఎన్నోతూర్లు సూసినా. పోగు తెగతాది. తెగిన కొస యాడుందో కండ్లు పొడుచుకోని వెతకల్ల, అతకల్ల. అప్పుడు మనిషికి నడుము నొప్పి వస్తాది, లేకుంటే కాపీ తాగాలనిపిస్తాది. నాకూ వచ్చేది. చేనేత వదిలి మరమగ్గాలు పెట్టినప్పుడు నడుముకోసమని ఊరంతా చెప్పినా. నడుము బాగానే ఉండె. సన్నపోగు అతికే ఓర్పు పోయింది, అంతే.

ఇంటికొచ్చి నీ ఉత్తరాలు వరసగా పెట్టి సూసినా. జులైలో ఎడమపక్క. సెప్టెంబర్‌లో కుడిపక్క. అక్టోబర్‌లో మళ్ళా ఎడమ, పైన. నొప్పి అట్ల ఇల్లు మారదు. కొండెక్కినప్పుడు రాలేదు. పేరు పంపినంక వచ్చింది.

మొదట నీకు నొప్పి నిజంగా ఉండె, అది నాకు తెలుసు. ఆ మాదిరి కూసుంటే రాక యాడికి పోతాది. ఇప్పుడు లేదు.

నాకు కోపం లేదు. బొటనవేలు మానింది. రవంత సిగ్గయింది, సరిగ్గా ఉండేదాన్ని పట్టుకోని చెక్కినా గదా అని. పరీక్షకు పోతే పో. పోకుంటే ఇష్టం లేదని చెప్పి మాను. ఎవురూ ఏమీ అనరు. నా కొయ్య మీద మాత్రం పెట్టొద్దు.

చెంగయ్య

తిరుపతి
3 నవంబర్ 2025

మామా,

నీ ఉత్తరం కాలేజీకి తీసుకెళ్ళాను, చదువుకోవడానికి కాదు, ఇంట్లో పెడితే మళ్ళీ మళ్ళీ చదువుతానని. బస్సులో చదివాను. ల్యాబులో చదివాను. సూక్ష్మదర్శిని కింద ఉల్లిపొర పెట్టి పిల్లలకు చూపిస్తున్నప్పుడు, ఎవరైనా నన్ను కూడా అట్లా పెట్టి చూస్తే ఎంత బాగుండేదో అనిపించి, వెంటనే ఇప్పటికే ఒకరు చూశారని గుర్తొచ్చింది.

అబద్ధం చెప్పానా? నన్ను నేను అడిగి చూశాను. నొప్పి ఉందేమోనని వెతికితే దొరికేది. నలభై నాలుగేళ్ళ ఒంట్లో వెతికితే ఏదో ఒకటి దొరక్కపోదు. ఆ దొరికినదాన్ని పట్టుకుని నీకు రాశాను. రాసేటప్పుడు నమ్మాను కూడా. పోస్టులో వేశాక కొంచెం తక్కువగా నమ్మాను. ఇదంతా నేను మంచిదాన్నని చెప్పుకోవడానికి రాయడం లేదు. నీ వేలు తెగేదాకా నా నమ్మకాన్ని నేను పరీక్షించుకోలేదని చెప్పడానికి రాస్తున్నాను. క్షమించమని అడగడానికి మాట చాలడం లేదు. అన్నం తిను. నీ చేతి కొలత ఎక్కడికీ పోలేదు. నువ్వు మొదట పంపిన తొడపీటే సరైనది. ఒక నూలు తీసిన తర్వాత కూడా అది సరిగ్గానే ఉంది, చూశావా, కొలత పోయింది నా దగ్గర.

అసలు జరిగింది ఇది. నొప్పి పోయిన రోజు నాకు సంతోషం వేయలేదు. భయం వేసింది. అప్పటిదాకా సరిగ్గా వాయించలేకపోతే మేకు ఉంది, పీట ఉంది, రబ్బరు గిన్నెలు ఉన్నాయి. అన్నీ బాగుపడ్డాక కుర్చీలో నేనొక్కదాన్నే మిగిలాను. రెండో పాట మూడో వరుస నాకు రావడం లేదు. కాలు ఎత్తినా రాదు, దించినా రాదు. ఆ సంగతి ఒప్పుకోవడంకన్నా నడుము పట్టుకోవడం సులభంగా ఉంది.

నాకు పరీక్ష ఇష్టం లేదని రాసి మానేయాలని నిన్న కూర్చున్నాను. నీ మాట ప్రకారమే, ఎవరి మీదా పెట్టకుండా. రాయలేకపోయాను, ఎందుకంటే అది నిజం కాదు. ఇష్టమే. చాలా ఇష్టం. అదే వచ్చిన చిక్కు.

వెళ్తున్నాను. రైలు మీ నగరి మీదుగానే పోతుంది. దిగను. దిగితే అక్కడే ఉండిపోవడానికి ఏదో ఒక మంచి కారణం దొరుకుతుంది, అత్త వంట దగ్గరే బోలెడు దొరుకుతాయి.

అత్తకు చెప్పు, ఏ కాలికీ ఏమీ లేదని. మొక్కు కూడా వద్దని.

ధరణి

తిరుపతి
12 డిసెంబర్ 2025

మామా,

ఫలితం వచ్చింది. పాసవ్వాలంటే అరవై రావాలి. నాకు యాభై నాలుగు.

ఎట్లా జరిగిందో చెప్తాను. చిన్న గది. కుర్చీ, బల్ల, ఒక పెద్దాయన. తొడపీట సంచిలోంచి తీస్తుంటే ఆయన పెన్ను ఆపి చూశాడు. "ఇది ఏ కంపెనీది?" అని అడిగాడు. "నగరిది" అన్నాను. ఆయన అట్లాంటి కంపెనీ ఒకటుందనుకుని తల ఊపాడు. నేను సరిదిద్దలేదు. ఇంకోటి చేయమని నిన్ను వెతుక్కుంటూ వస్తే నాకు తెలియదు.

మొదటి పాట వచ్చింది. రెండో పాట మూడో వరుసలో వేళ్ళు ఆగిపోయాయి. గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే కింద వీధిలో ఎవరో కొబ్బరిబోండాం కొట్టడం వినిపించింది. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడే ఆగింది. కుడిచేయి తీగల మీదనే ఉంచాను, ఎందుకో నువ్వు ఎదురుగా కూర్చున్నట్టు అనిపించింది. మూడోసారి ఎట్లాగో దాటాను, దాటడమంటే పక్కనుంచి పోవడం. మూడో పాట గుర్తులేదు.

నాకు పంపిన కాగితంలో ఆయన రాసిన వ్యాఖ్యలు చదువుతాను, విను. స్వరం: బలహీనం. తాళం: నిలకడ లేదు. జ్ఞాపకశక్తి: మెరుగుపడాలి. కూర్చునే తీరు: అద్భుతం, ఇతర విద్యార్థులకు ఆదర్శం. యాభై నాలుగులో ఎక్కువ భాగం నీకు వచ్చినవే. అత్తకు చెప్పు, మళ్ళీ పులిహోర పంచొచ్చు.

నవ్వొస్తోంది గానీ, బాధ కూడా ఉంది. మొదటి రోజు ఇంట్లో అన్నం వండలేదు. చక్రధర్ ఫోన్ చేసి, ఇంకో రకం ఆధారం ఏదైనా తెప్పించనా అన్నాడు. వద్దు, ఇక తెప్పించడానికి ఏమీ లేదన్నాను. ఆయనకు పాపం ఏం చేయాలో తెలియక "సరే, శనివారం వస్తా" అన్నాడు.

ఈ రోజు స్టాఫ్‌రూంలో ఫలితం అడిగారు. చెప్పాను. ధర్మేంద్ర సార్ వెంటనే, "నడుము నొప్పితో అంత దూరం వెళ్ళి కూర్చోవడమే గొప్ప మేడం. అది లేకుంటే తప్పకుండా పాసయ్యేవాళ్ళు" అన్నారు. చుట్టూ అందరూ అవునవును అన్నారు. మామా, నేను ఏమీ అనక్కర్లేదు. ఊరికే తలదించుకుంటే చాలు. ఎంత హాయిగా ఉంటుందో నాకు బాగా తెలుసు.

"నడుము బాగానే ఉంది సార్" అన్నాను. "సెప్టెంబర్ నుంచీ బాగానే ఉంది. నాకు రెండో పాట రాదు."

ఇట్లాంటి మాటకు ఓదార్పు ఏం చెప్పాలో ఎవరికీ తెలియదు. ధర్మేంద్ర సార్ తన మెత్తటి కుర్చీ వైపు ఒకసారి చూసుకున్నారు. రెండు నెలలుగా ఆయన స్టూలు మీద కూర్చుంటున్నారు. లేచి కుర్చీ ఆయన వైపు జరిపాను. ఆయన కూర్చుని, టీ రెండు గుక్కలు తాగి, ఎక్కువ ఆలోచించకుండానే అన్నారు: "రాదా? అయితే నేర్చుకోండి మేడం."

ఇంత మామూలు సలహా నాకు ఇన్నేళ్ళలో ఎవరూ ఇవ్వలేదు. ఇచ్చే సందు నేను ఎవరికీ ఇవ్వలేదు.

ఐదున్నర అవుతోంది. గ్రేసీ ఆరింటికి రమ్మంది. మూడో వరుస ఒక్కటే నెలరోజులు చేయిస్తుందట.

ధరణి